గృహిణీ గోష్ఠి: ముప్పదియాఱవ యేట ప్రవేశపరీక్ష

గతమాసమున గుడివాడ ప్రాంతమునుండి యొక సోదరి నాకు జాబు వ్రాసినది. ఆమెకు ముప్పదినాలుగేండ్లు. పెండ్లికి ముందు బి.కాం. పూర్తిచేసినది. బిడ్డలిద్దఱును బడికి పోవుచున్నారు. ‘అక్కగారూ, ఈ వయస్సున ఎం.బి.ఏ. ప్రవేశపరీక్షకు గూర్చుండవచ్చునా? చదివినదంతయు మఱచిపోయితిని. పదిమందియు నవ్వుదురేమో యని వెఱచుచున్నాను’ అని యామె ప్రశ్న. దీనికి రెండు పంక్తులలో జవాబీయవచ్చును. కాని యీ ప్రశ్న నాది కూడ. నేను ముప్పదియాఱవ యేట నా పరీక్ష వ్రాసితిని. పరీక్షావిధానమును, నేను చేసిన తప్పులను, వానినుండి నేర్చిన యుపాయములను ఈ మాసపు గోష్ఠిలో విన్నవించెదను. ఇందు గొప్ప లేదు. నాకంటె తెలివైనవారు మీలో ననేకులు కలరు.

ముందుగా నా చదువునుగుఱించి చెప్పవలెను. నేను బడికి పోయి చదివినదానను గాను. దివిసీమలోని మా పుట్టింట తాతగారే నాకు గురువు. ఆయనకు బడిచదువుపై నమ్మకము లేకుండెను. మా నాయనగారు వారి మాట జవదాటలేదు. అమరము, రఘువంశము, భారతము, కొంత వ్యాకరణము ఆయన యొద్దనే చదివితిని. సాయంకాలములందు వేడుకకై భాస్కరాచార్యుని లీలావతినుండి లెక్కలు చెప్పెడివారు. ఒక పద్యము నోటికి రానిదే రెండవ పద్యమునకు బోనిచ్చెడివారు కారు. ఆ నియమము నాకెంతో మేలు చేసినది. కొంత కీడును చేసినది. ఆ సంగతి ముందు వచ్చును.

మావారు ఉయ్యూరునకు సమీపమున నొక ఉన్నతపాఠశాలలో లెక్కల పంతులు. కాపురమునకు వచ్చిన పిదప వారి ప్రోత్సాహముచేత సార్వత్రిక విశ్వవిద్యాలయపు అర్హతాపరీక్ష వ్రాసితిని. 1982లో హైదరాబాదున స్థాపింపబడి, నేడు డాక్టరు అంబేద్కరుగారి పేర వెలయుచున్న ఆ విశ్వవిద్యాలయము, బడిమెట్టు తొక్కనివారికి గూడ నట్టి పరీక్ష పెట్టి డిగ్రీలో జేర్చుకొనెడిది. ఆ విధముగా ఇంటనే పుస్తకములు చదివి బి.ఏ. పట్టము పొందితిని. పిల్లలు పసివారగుటచే ఆదివారపు తరగతులకు బోవుటకు వీలు చిక్కలేదు. కావున పంతులుగారి భార్యనయ్యును తరగతిగదిలో కూర్చుండి పాఠము వినుట యెట్లుండునో నేనెఱుగను.

ఇక ఎం.బి.ఏ. తలంపు ఎట్లు కలిగినదనగా, అది ఆవకాయ జాడీలోనుండి పుట్టినది. మా వీథిలో తొమ్మండుగురము కలిసి పొదుపుసంఘముగా నేర్పడి వేసవిలో నూఱగాయలు పెట్టి అమ్ముచుందుము. లెక్కలు వ్రాయు పని నాది. 2024 వేసవిలో బెజవాడ వర్తకుడొకడు మా సీసాలను తన యంగటిలో నుంచుటకొప్పుకొని, తనకు నూటికి ఇరువది కమిషను కావలెననెను. సీసా యొక్కంటికి మాకైన ఖర్చు 200 రూపాయలు. అందు నూటికి ఇరువది యనగా 40 రూపాయలని నేను లెక్కించి, మా కష్టమునకు 10 రూపాయలు చేర్చి, ధర 250 అని నిర్ణయించితిని. ఇంగ్లీషున నున్న ఒప్పందపు కాగితముపై సంతకము చేసితిని. సీసాలన్నియు అమ్ముడుపోయినవి. డబ్బు చేతికి వచ్చినపుడు చూడగా సీసాకు 200 రూపాయలు మాత్రమే వచ్చినది. వర్తకుడు మోసము చేయలేదు. కమిషను అమ్మకపు ధరపై ననియే కాగితమున వ్రాసియున్నది. 250 రూపాయలలో నూటికి ఇరువది యనగా 50 కదా! 900 సీసాలపై 9000 రూపాయలు, తలకు వెయ్యి రూపాయలు చొప్పున, నా సంతకముతో నీళ్ళపాలయినవి. ఎండలో ముక్కలు కొట్టి, కారము దంచి, చేతులు మండించుకొన్నవారికి ఆ మాట చెప్పుటకు నేను గడపగడపకును బోయితిని. ఒక్కరును నన్ను తిట్టలేదు. తిట్టియున్నచో నాకు సులభముగా నుండెడిది.

ఆ రాత్రి మావారితో ‘ఈ వ్యాపారపు చదువేదో నేను చదువుకొనవలెనండీ’ అంటిని. వారు నవ్వక, ‘చదువుకొనుము. ఐసెట్ వ్రాయవలసియుండును’ అనిరి. ఇంటనుండియే ఎం.బి.ఏ. చదువదగిన విశ్వవిద్యాలయములు లేకపోలేదు. 1985లో స్థాపింపబడిన ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయము అట్టిదే. మావారు దానిని గూడ చెప్పిరి. కాని జన్మమంతయు నొంటరిగా చదివిన నాకు, ఈ ఒక్కమాఱు నలుగురి నడుమ గూర్చుండి చదువవలెననియు, తెలియనిచో చేయి యెత్తి యడుగవలెననియు గోరిక కలిగినది. ఆ కోరిక తీఱవలెనన్నచో ప్రవేశపరీక్ష తప్పదు.

మా అత్తగారికిది నచ్చలేదు. ‘పిల్లదాని పెండ్లికి రూపాయి కూడబెట్టుకోవలసిన వయసులో నీకు పరీక్షలేమిటమ్మాయ్?’ అనిరి. ఆమె మాటలో కఠినత్వము లేదు, భయమున్నది. ఇల్లాలు పుస్తకము పట్టినచో ఇల్లెవరు పట్టుదురని యామె చింత. నేనెదురు చెప్పలేదు.

వయస్సు మీఱినదని చింతించు సోదరీమణులకు దుర్గాబాయిగారి చరిత్రమును జ్ఞాపకము చేసెదను. 1909లో రాజమహేంద్రవరమున జనించిన ఆమె, ఉప్పుసత్యాగ్రహమున జెఱసాలకు బోయి వచ్చిన పిమ్మట, ఎదిగిన స్త్రీయై యుండి మరల పుస్తకము పట్టినది. కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను ప్రైవేటుగా వ్రాసి, క్రమముగా పైచదువులు చదివి, 1942లో న్యాయశాస్త్రపట్టము పొందినది. తాను దాటిన యేటిని ఇతరులును దాటవలెనని, మదరాసులో దాను స్థాపించిన ఆంధ్రమహిళాసభలో పెద్దవయస్సు స్త్రీలను అదే కాశీ పరీక్షకు సిద్ధము చేయించినది. ఆమె యధ్యక్షతన 1953లో నేర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి, 1958లో వయోజన స్త్రీలకై సంక్షిప్త విద్యాతరగతులను ప్రారంభించినది. పెండ్లియైన పిదప పరీక్ష వ్రాయుట మన ఆంధ్రదేశమున నేడు క్రొత్తగా బుట్టిన వింత గాదు.

ఇక పరీక్షాస్వరూపము. మన రాష్ట్రమున ఎం.బి.ఏ., ఎం.సి.ఏ. తరగతులలో జేరుటకు ఐసెట్ అను పరీక్ష యేటేట జరుగును. 2025లో దీనిని ఆంధ్ర విశ్వవిద్యాలయము నిర్వహించినది. ఆ విశ్వవిద్యాలయము 1926లో మన బెజవాడలోనే పుట్టి, 1930లో వాల్తేరునకు దరలినదని మనవారిలో ననేకులు మఱచియున్నారు. వ్యాపారవిద్య యనిన పట్నములవారిదని మనము జంకవలసిన పని లేదు. పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రాబ్యాంకును స్థాపించినది 1923లో మన బందరులోనే. అది 2020లో యూనియను బ్యాంకులో గలిసిపోయినను, డెల్టారైతులకు బ్యాంకు గడప నలవాటు చేసిన గౌరవము దానికి దక్కినది.

ఐసెట్‌నకు గరిష్ఠ వయఃపరిమితి లేదు. డిగ్రీ యుండవలెను. ప్రశ్నలు 200, కాలము 150 నిమిషములు. అనగా ప్రశ్నకు 45 సెకండ్లు. ఇందు మూడు భాగములు కలవు. విశ్లేషణశక్తికి 75 ప్రశ్నలు, ఇంగ్లీషు భాషావ్యవహారమునకు 70, గణితమునకు 55. విశ్లేషణ, గణిత భాగములు తెలుగున గూడ నుండును. భాషాభాగము ఇంగ్లీషుననే యుండును. ప్రతిప్రశ్నకును నాలుగు జవాబులిచ్చి, సరియైనదానిని గుర్తింపుమందురు. తప్పు గుర్తించినచో మార్కు తగ్గింపరు. 200లో 50 మార్కులు వచ్చినచో అర్హత. షెడ్యూల్డు కులములవారికిని తెగలవారికిని ఆ కనీసపు నియమము గూడ లేదు. మంచి కళాశాలలో సీటు రావలెనన్న మాత్రము ఇంకను బాగుగా వ్రాయవలెను.

ఇంతకంటె దూరము పోదలచిన సోదరీమణులకు క్యాట్ అను అఖిలభారత పరీక్ష కలదు. కలకత్తా, అహమ్మదాబాదు నగరములలో 1961లో స్థాపింపబడిన భారత నిర్వహణసంస్థలు, 2015లో మన విశాఖపట్టణమున వెలసిన సంస్థ మొదలగువానియందు జేరుటకు అదియే తొలిమెట్టు. దానికిని వయఃపరిమితి లేదు. అందు మూడు భాగములు, భాగమునకు 40 నిమిషములు. సరియైన జవాబునకు 3 మార్కులు. నాలుగింటిలో నొకటి యెన్నుకొను ప్రశ్నలో తప్పినచో ఒక మార్కు పోవును. కావున ఐసెట్‌లో దేనిని ఖాళీగా విడువరాదు, క్యాట్‌లో తెలియనిదానిని ముట్టరాదు. ఈ భేదమెఱుగక ఒకదాని పద్ధతి రెండవదానికి వాడినచో నష్టపోవుదుము.

2024 డిసెంబరులో చదువు మొదలుపెట్టితిని. తెల్లవాఱుజామున నాలుగున్నరకు లేచి ఆఱున్నరవఱకు, రాత్రి పిల్లలు పండుకొన్న పిదప నొక గంట. అది ధనుర్మాసము. ఆ వేళ నేను వాకిట ముగ్గుతో నుండవలసినదానను. ఆ యేడు మా వాకిట నాలుగు గీతల ముగ్గు మాత్రమే పడినది. ప్రక్కింటివారి రథము ముగ్గు చూచి మనసు చివుక్కుమన్నమాట నిజము.

గణితభాగమునకు నేను భయపడితిని. తెఱచి చూడగా అందు సగమునకు పైగా మన యింటిలెక్కలే. త్రైరాశికము, భాగస్వామ్యము, వడ్డీ, లాభనష్టములు. లీలావతియందు మిశ్రవ్యవహారమని తాతగారు చెప్పినవే పేరు మార్చుకొని వచ్చినవి. మన పల్లెలలో ‘రెండు రూపాయల వడ్డీ’ యందుము. అనగా నూటికి నెలకు రెండు, సాలుకు నూటికి 24. అమ్మలక్కలకిది పుట్టుకతో వచ్చిన జ్ఞానము. పరీక్షలో దీనినే వేఱుమాటలతో నడుగుదురు. వర్తకుడు చీర ధరను నూటికి ఇరువది పెంచి, మరల నూటికి ఇరువది తగ్గించినాననును. మనము పాతధరకు వచ్చితిమనుకొందుము. నూఱు నూటయిరువదియగును. నూటయిరువదిలో ఇరువదవ వంతు గాక, అయిదవ వంతు పోవును, అనగా 24. మిగులునది 96. శాతము వచ్చినచోటనెల్ల ‘ఇది దేనిపై?’ అని మొదట నడుగుము, అని మావారు నా పుస్తకపు అట్టపై వ్రాసిరి. ఆ యొక్కప్రశ్న ముందటి యేడు అడిగియున్నచో మా తొమ్మండుగురికిని తలకు వెయ్యి రూపాయలు మిగిలెడివి.

విశ్లేషణభాగమున ‘దత్తాంశము చాలునా’ అను నొక జాతి ప్రశ్నలు 20 వచ్చును. వీనియందు లెక్క చేయనక్కఱలేదు. లెక్క చేయుటకు వలసిన సంగతులు ఇచ్చిరా లేదా యనునదే చెప్పవలెను. విందునకెంత బియ్యము కావలెనని యడిగినపుడు, విస్తళ్ళెన్నియో, విస్తరికెంతయో తెలిసినదా యని మనము చూడమా? రెండును తెలిసినచో చాలును, ఒక్కటే తెలిసినచో చాలదు. శేరులు కొలువ బనిలేదు. నేను మాత్రము మొదట ప్రతిదానిని తుదివఱకు లెక్కించి కాలమును పాడుచేసికొంటిని.

వారములు, తేదుల లెక్కలును ఈ భాగమునందే. పంచాంగము చూచు వారికివి యాటవిడుపు. 365 దినములనగా 52 వారములపై నొక దినము. కావున సామాన్యసంవత్సరమున నొక తేదీ మఱుసటియేటికి ఒక వారము ముందునకు జరుగును. నడుమ ఫిబ్రవరి 29 వచ్చినచో రెండు వారములు జరుగును. 1947 ఆగస్టు 15 శుక్రవారము. 1948 అధికదినము గల సంవత్సరము గనుక, ఆ యేటి ఆగస్టు 15 ఆదివారము. దీనిని మా చిన్నవాడు గూడ నేర్చుకొని తన పుట్టినదినము ఏవారమో చెప్పసాగినాడు.

నిజముగా నన్ను వణికించినది ఇంగ్లీషు. వ్యాకరణభాగము సంస్కృతము పుణ్యమా యని పట్టుపడినది. కర్తరి, కర్మణి ప్రయోగములు ఏ భాషలోనైనను చుట్టములే. కాని ఇన్వాయిసు, డిస్కౌంటు, ఆడిటు వంటి వ్యాపారపు మాటలు క్రొత్తవి. దినమునకు అయిదు మాటల చొప్పున సుద్దముక్కతో బియ్యపుడబ్బాపై వ్రాసి, బియ్యము తీసినప్పుడెల్ల చదివితిని. ఇంగ్లీషు పత్రికలో వర్తకపు పుటను దినమునకొక పేరా చొప్పున గట్టిగా చదివితిని. ఎనిమిదవ తరగతి చదువు మా అమ్మాయి నా యుచ్చారణకు నవ్వెడిది, పిదప దిద్దెడిది. కంప్యూటరుపై వ్రాయవలసిన పరీక్ష గనుక మౌసు పట్టుట గూడ దానియొద్దనే నేర్చితిని.

ఫిబ్రవరిలో మావారు గడియారము పెట్టి నమూనాపరీక్ష వ్రాయించిరి. 150 నిమిషములలో నేను ముట్టినవి 62 ప్రశ్నలు. అందు సరియైనవి 47. అనగా అర్హతయే రాలేదు. ఒక్క లెక్క దగ్గఱ ఇరువది నిమిషములు కూర్చుంటిని. అది తేలనిదే ముందునకు బోవుటకు నా మనస్సొప్పుకొనలేదు. తాతగారు నేర్పిన పద్ధతి యదియే గదా! ‘మిగిలిన 138 ప్రశ్నలను చూడనైన జూడలేదే’ అని మావారనిరి. నాకు దుఃఖము వచ్చినది. వంటయింటిలోనికి బోయి ఊరక నిలుచుంటిని.

అక్కడ మా అత్తగారు కందిపప్పు పొయ్యిపై నుంచి వంకాయలు తఱుగుచుండిరి. సంగతి యడిగిరి. చెప్పితిని. ఆమె తల యెత్తకయే, ‘ఉడకని పప్పు ముందర నిలబడితే ఉడుకుతుందటే? ఈలోగా కూర తరుక్కోవూ, చారు పెట్టుకోవూ? నాలుగూ అయ్యాక మళ్ళీ మూత తీసి చూసుకోవాలి గాని!’ అనిరి. పదునెనిమిదేండ్లనుండి ఆ పొయ్యి దగ్గఱ నేను చేయుచున్నదే యది. పుస్తకము ముందు మాత్రము మఱచితిని.

మఱునాటినుండి పద్ధతి మార్చితిని. మొదటి చుట్టులో చూడగానే తోచిన ప్రశ్నలు మాత్రమే చేయుట. నిమిషములో దారి కనబడనిదానిని గుర్తు పెట్టి విడుచుట. రెండవ చుట్టులో గుర్తు పెట్టినవానిని చూచుట. తుది అయిదు నిమిషములలో మిగిలినవానికన్నిటికిని ఏదో యొక జవాబు గుర్తించుట. నాలుగింటిలో నొకటి గనుక, ఊహించి గుర్తించినను 138 ప్రశ్నలకు సుమారు 34 మార్కులు రావచ్చును. ఇది విద్య గాదు, గవ్వలాట. కాని తప్పునకు దండనము లేనిచోట ఖాళీగా విడుచుట వినయమును గాదు. మార్చి మొదట వ్రాసిన నమూనాలో నా మార్కులు 90 దాటినవి.

ఆ మాసముననే మా చిన్నవానికి జ్వరము తగిలి ఎనిమిది దినములు విడువలేదు. పుస్తకములు కట్టగట్టి అటుకపై పెట్టితిని. తల్లియై యుండి వాని ప్రక్కను త్రైరాశికము చేయుదునా? ఆఱవనాటి రాత్రి మా అత్తగారు బిడ్డను తన యొడిలోనికి దీసికొని, ‘ఈ గిన్నె నేను చూస్తాను. నువ్వు వెళ్ళి ఆ గిన్నె చూసుకో’ అనిరి. నేనేమియు ననలేకపోతిని. అటుకమీది కట్ట దింపి యిచ్చినది మా అమ్మాయి.

సోదరీమణులారా, చదువునకు గావలసినది తెలివియే యని మనమనుకొందుము. ఇల్లాలికి ముందుగా గావలసినవి మూడు గంటలు. ఆ గంటలు ఆకాశమునుండి రాలవు. ఏదో యొక పని విడిచిననే వచ్చును. ఆ యైదు మాసములు మా యింట అప్పడములు కొని తింటిమి. వారమునకు మూడు రాత్రులు ఉప్మాయే. మావారు పిల్లల బట్టలు తామే యిస్త్రీ చేసిరి. ఏమి విడుతునో, ఎవరు చేయుదురో మొదటనే కూర్చుండి చెప్పి యొప్పించుకొనవలెను. చెప్పక విడిచినచో అలక, విడువక చదివినచో రోగము.

ఏప్రిలు మాసాంతమునకు మామిడికాయలు వచ్చినవి. ఆవకాయ కాలమును పరీక్షయు నొక్కమాఱే వచ్చి మీద బడినవి. నేను కత్తిపీట దగ్గఱకు బోగా మా సంఘపు పెద్దావిడ నా చేయి పట్టుకొని, ‘ఈ యేడు నువ్వు ముక్కలు కొట్టొద్దమ్మా. ధర ఎంత పెట్టాలో చెప్పు చాలు’ అన్నది. కాగితము తీసికొంటిని. సీసాకు ఖర్చు 200. మాకు 10 కావలెను. వర్తకునికి అమ్మకపు ధరపై నూటికి ఇరువది పోగా మాకు దక్కునది నూటికి ఎనుబది. కనుక ఆ ఎనుబది వంతులు 210 కావలెను. ధర 262 రూపాయల 50 పైసలు. అందు 52 రూపాయల 50 పైసలు వర్తకునివి, 210 మావి. రెండుమాఱులు సరిచూచి వ్రాసి యిచ్చితిని. ఎనమండుగురును ఆ కాగితమును చేతులు మార్చుకొని చూచిరి.

మే మాసమున పరీక్ష. అనుభవము మీద రెండు మాటలు. ద్వారము దగ్గఱ వ్రేలిముద్రలు తీయుదురు గనుక ముందు దినములలో గోరింటాకు పెట్టుకొనరాదు. నిమిషమాలస్యమైనను లోనికి రానీయరు గనుక మొదటి బస్సుననే బయలుదేరవలెను. నేను పల్లెవెలుగు బస్సులో బందరుకాలువ వెంట బెజవాడ చేరునప్పటికి కేంద్రపు తలుపులింకను తెఱవలేదు. చుట్టును ఇరువది, ఇరువదిరెండేండ్ల పిల్లలు. ఒకబాలిక నన్ను జూచి, ‘ఆంటీ, మీ అమ్మాయి లోపలికి వెళ్ళిందా?’ అని యడిగినది. ‘నేనే వెళ్ళవలెనమ్మా’ అంటిని. ఆమె సిగ్గుపడి, తన నీళ్ళసీసా నాకందించినది.

పరీక్షలో పదునొకండవ ప్రశ్నయే తేలలేదు. చేయి ఆగినది. ఉడకని పప్పని తలచుకొని ముందునకు బోయితిని. తుదకు ఒక్కటియు ఖాళీగా విడువలేదు. ఫలితము వచ్చినపుడు మార్కులు నూఱు దాటినవి. గొప్ప ర్యాంకు గాదు గాని, రోజును బస్సులో బోయి రాదగిన కళాశాలలో సీటు దొరకినది. కట్టవలసిన రుసుమునకు నా గాజుల జతయొకటి బ్యాంకులో కుదువ పెట్టితిమి. వడ్డీ యెంతో ఈమాఱు నేనే లెక్కించితిని.

మొదటినాడు తరగతిలో మూడవ బల్లపై గూర్చుంటిని. ఉపాధ్యాయురాలు నాకంటె చిన్నది. హాజరుపట్టీ తెఱచి పేర్లు పిలువసాగినది. పేరు పిలిచినపుడు ఏమని పలుకవలెనో నాకు దెలియదు. ముందువారందఱు ‘ప్రెజెంట్ మేడమ్’ అనుచుండిరి. నా వంతు వచ్చునప్పటికి గొంతు పెగలలేదు. రెండవమాఱు పిలిచిన పిదప లేచి నిలువబడి ఆ మాటయే యంటిని. కూర్చుండియే చెప్పవచ్చునట. ప్రక్కనున్న పిల్ల నా కొంగు లాగి కూర్చుండబెట్టినది. నాటి సాయంకాలము మావారు బడినుండి వచ్చి, ‘హాజరు పడినదా?’ అని యడిగిరి. ‘పడినది’ అంటిని. మా అత్తగారు మాత్రము, ‘మధ్యాహ్నం అన్నం తిన్నావా?’ అని యడిగిరి.

గుడివాడ సోదరికి నా జవాబిది. అమ్మా, కూర్చుండవచ్చును. ముందుగా పాత ప్రశ్నపత్రమొకటి తెచ్చి గడియారము పెట్టి వ్రాసి చూడుము. మార్కులు తక్కువ వచ్చినచో బెంగ వలదు. ఎక్కడ నిలిచిపోవుచున్నావో అది చెప్పును. నీవు బి.కాం. చదివినదానవు, జమాఖర్చులు నీకు నాకంటె బాగుగా వచ్చును. దినమునకు మూడు గంటలు ఏ పనినుండి తీయుదువో నీ యింటివారితో గూర్చుండి నిర్ణయించుకొనుము. నవ్వువారి సంగతి యందువా? నాకు పరీక్షాద్వారమున ఎదురైన బాలిక నవ్వలేదు, నీళ్ళిచ్చినది.

వచ్చు మాసమున, జమాఖర్చుల పుస్తకమును ఇంట నెట్లు వ్రాసికొనవలెనో, తరగతిలో నేను నేర్చిన మొదటి పాఠమునుండి వివరించెదను.